ఇంట్లోనే వేసుకున్న ఇరిడియం ప్లగ్గులు: 59 వేల కిలోమీటర్ల తర్వాత

నాది 2014 నాటి నాలుగు సిలిండర్ల పెట్రోలు కారు. వారానికోసారి తిరుపతి నుంచి చిత్తూరుకు, నెలకోసారి కొండకు, మిగతాదంతా ఊళ్లోనే. 2019లో మీటరు 43 వేల దగ్గర ఉన్నప్పుడు స్పార్క్ ప్లగ్గులు, అంటే ఇంజిన్‌లో పెట్రోలును నిప్పురవ్వతో మండించేవి, నేనే మార్చి, కొనలో ఇరిడియం అనే గట్టి లోహం ఉన్నవి వేసుకున్నాను. పోయిన నెల 1,02,000 దగ్గర వాటిని విప్పి చూశాను.

2019లో వాటిని మార్చక ముందు, ఊళ్లో బండికి ఏ జబ్బూ కనిపించేది కాదు. అలిపిరి దాటి ఘాట్ రోడ్డు ఎక్కగానే, ఐదుగురం కూర్చున్న బండి సెకండ్ గేర్‌లో దడదడమని జర్కులు ఇచ్చేది. ఒక మలుపులో చెక్ ఇంజిన్ లైటు కూడా ఆరుతూ వెలుగుతూ కనిపించింది. వెనకాల బస్సు హారన్, మా అత్తగారి గోవింద నామాలు, నాకేమో టెన్షన్. జబ్బు కొండ మీదే బయటపడటానికి కారణం ఉంది. ఎక్కుడులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడిలో నిప్పురవ్వ దూకాలంటే ప్లగ్గుకు కరెంటు ఇచ్చే కాయిల్ ఎక్కువ వోల్టేజీ ఇవ్వాలి. ప్లగ్గు కొన అరిగి, రవ్వ దూకే సందు (గ్యాప్) పెరిగితే ఆ వోల్టేజీ చాలదు, రవ్వ తప్పిపోతుంది.

ఒక సర్వీసు సెంటర్‌లో చూపిస్తే నాలుగు కాయిళ్లూ మార్చాలన్నారు. అంతకుముందు రెండు బిల్లుల్లో 'ప్లగ్ క్లీనింగ్, గ్యాప్ సెట్టింగ్' అని డబ్బులు తీసుకున్నదీ వాళ్లే. నేను విప్పి, సందు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టి చూస్తే, 1.1 మిల్లీమీటర్లు ఉండాల్సిన గ్యాప్ 1.4 ఉంది. ఏం సెట్ చేశారో ఆ దేవుడికే తెలియాలి. కాయిళ్లు మార్చలేదు, ప్లగ్గులే మార్చాను. ఆ తర్వాత ఘాట్ రోడ్డులో జర్కు మళ్లీ రాలేదు.

పని గంటలో అయిపోతుంది. కావలసినవి రాచెట్, పొడుగు ఎక్స్‌టెన్షన్, లోపల అయస్కాంతం ఉన్న 16 ఎంఎం ప్లగ్ సాకెట్, కాయిల్ బోల్టులకు 10 ఎంఎం సాకెట్. మామూలు డీప్ సాకెట్‌తో మొదలుపెట్టి, ఊడిన ప్లగ్గును అది కూర్చునే లోతైన గుంతలోంచి పైకి లాగలేక అరగంట పాట్లు పడ్డాను. ఆ తర్వాతే అయస్కాంతం సాకెట్ కొన్నాను. ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉండాలి. ప్లగ్గులు బిగించే ఇంజిన్ పైభాగం (హెడ్డు) అల్యూమినియందే కాబట్టి వేడి మీద తిప్పితే మర పోయే ప్రమాదం ఉంది. మన ఊరి ఎండలకు తెల్లారి ఆరు గంటలే మంచి సమయం. కాయిల్ తీశాక, ప్లగ్గు కదిలించే ముందే సైకిల్ పంపుతో గుంతలో గాలి కొట్టండి. లేకపోతే ఆ దుమ్ము నేరుగా సిలిండర్‌లో పడుతుంది.

బిగించేటప్పుడే నాకు భయమేసింది. పక్కింటి ఆటో అన్న చూసి, "పానాతో మొదలుపెట్టొద్దు సామీ, వేళ్లతో ఎక్కితేనే ఎక్కినట్టు" అని జానెడు పెట్రోల్ పైపు ముక్క తెచ్చిచ్చాడు. ప్లగ్గు తలకు ఆ పైపు తొడిగి తిప్పాలి. మర అడ్డంగా పడితే పైపే జారిపోతుంది, హెడ్డుకు ఏమీ కాదు. చేత్తో పూర్తిగా కూర్చున్నాక కొత్త ప్లగ్గుకు సగం చుట్టు, ఇంకాస్త. వాడిన ప్లగ్గునే తిరిగి వేస్తుంటే చుట్టులో పన్నెండో వంతు చాలు, ఎందుకంటే దాని వాషర్ అప్పటికే నలిగి ఉంటుంది. బిగింపు కొలిచే టార్క్ రెంచ్ ఉంటే మాన్యువల్‌లో చెప్పిన అంకె పెట్టుకోండి.

ఇక ప్లగ్గుల సంగతి. నాలుగూ కలిపి అప్పట్లో రెండు వేల పైచిలుకు అయింది, మామూలు నికెల్ కొనవి ఐదారు వందల్లో వచ్చేవి. మైలేజీ పెరుగుతుందని షాపతను చెప్పాడు. పెరగలేదు. కొత్త నికెల్ ప్లగ్గులు వేసినా బండి ఇంతే బాగుండేదని నా అభిప్రాయం. డబ్బులు గిట్టింది మన్నికలో. 59 వేల కిలోమీటర్ల తర్వాత కూడా గ్యాప్ ఇంచుమించు కొత్తలో ఉన్నంతే ఉంది, మూడు ప్లగ్గుల కొనలు లేత గోధుమ రంగులో ఉన్నాయి. ఇరిడియం కొన సన్నం, గ్యాప్ పేరుతో దాన్ని వంచకండి, వైరు బ్రష్ పెట్టకండి.

నాలుగోది మాత్రం పైభాగమంతా నూనెలో నానింది. అది ప్లగ్గు తప్పు కాదు. ఇంజిన్ పై మూత (వాల్వ్ కవర్) సీల్ గట్టిపడి, నూనె గుంతలోకి కారుతోంది. కాయిల్ రబ్బరు బూటు కూడా మెత్తబడింది. విప్పి చూడకపోయుంటే ఇంకొన్నాళ్లకు కాయిల్ పోయి, మళ్లీ నాలుగూ మార్చమనేవాళ్లు. సీలు మాత్రం మెకానిక్ చేత వేయించాను, అంత ధైర్యం నాకు లేదు.

ప్లగ్గులు అవే తిరిగి వేశాను. ఇంకో 20 వేలు నడిచాక మారుస్తాను, అప్పుడూ ఇరిడియమే. మా నాన్న కారు ఏడాదికి నాలుగు వేల కిలోమీటర్లు కూడా తిరగదు, దానికి నికెల్‌వే వేశాను.