అకడమ సంచి: నర్సరీ జూనిపర్‌కు ఏమాత్రం పనికొస్తుంది?

నర్సరీలో కొన్న జూనిపర్‌ను (పైన్ లాంటి, ఏడాదంతా పచ్చగా ఉండే మొక్క) బోన్సాయ్ కుండీలోకి మార్చేటప్పుడు మట్టికి బదులు వాడేది అకడమ. జపాన్ నుంచి వచ్చే 14 లీటర్ల సంచిలో ఉండేది అగ్నిపర్వతపు బంకమట్టి గుళికలు. గట్టి రకమే తీసుకోండి. తడిపిన గుళికను వేళ్ల మధ్య నొక్కితే వెంటనే బురదైపోయేది వద్దు.

తడిగా ఉంటే ముదురు గోధుమ రంగు, ఆరితే లేత పసుపు. నీళ్లు ఎప్పుడు పొయ్యాలో పైమట్టి చూస్తేనే తెలిసిపోతుంది. ఈ ఒక్క గుణానికే సగం డబ్బులు ఇవ్వొచ్చు. సంచి అడుగున పొడి మాత్రం చాలానే ఉంటుంది. 2 మి.మీ. జల్లెడ పట్టకుండా వాడితే అదంతా కుండీ అడుగుకు దిగి బురద పొరలా పేరుకుంటుంది, నీళ్లు దిగవు.

ఉత్త అకడమ అవసరం లేదు. అకడమ, ప్యూమిస్ (తేలికైన అగ్నిపర్వతపు రాయి), లావా రాయి సమపాళ్లలో, 3–6 మి.మీ. సైజులో కలిపితే చాలు. లావా దొరక్కపోతే బాగా కాలిన ఇటుక ముక్కలు జల్లించి వేసుకోండి. పచ్చి ఇటుక వద్దు, కరిగిపోతుంది.

అయితే ఎంత మంచి మిశ్రమం పోసినా, నర్సరీ కవర్లోంచి తీసిన, వేళ్లతో ఉన్న ఎర్రమట్టి ముద్దను అలాగే మధ్యలో కూర్చోబెడితే డబ్బు దండగ. నీళ్లు చుట్టూ ఉన్న గుళికల్లోంచి జారిపోతాయి. వేసవిలో ముద్ద లోపల ఎండిపోతుంది, వానాకాలంలో నానిపోతుంది. అలాగని వేళ్లన్నీ కడిగేస్తే జూనిపర్ తట్టుకోదు. పైగా చచ్చాక కూడా కొన్ని వారాలు పచ్చగానే కనిపించి మోసం చేస్తుంది.

మార్గం సగం సగం. వేరుముద్దను రెండు భాగాలుగా అనుకుని, ఒక పక్క మట్టిని మాత్రం వెదురు పుల్లతో పూర్తిగా రాల్చండి. రెండో పక్క ముట్టుకోవద్దు, దాని వంతు రెండేళ్ల తర్వాత. మన దగ్గర డిసెంబరు, జనవరి అనువు. ఏప్రిల్, మే నెలల్లో చెయ్యొద్దు. అదే రోజు కొమ్మలు కూడా బాగా కత్తిరించొద్దు, చెట్టుకు బలం ఆకుల్లోనే ఉంది.

కుండీ రంధ్రాల్లోంచి 2 మి.మీ. అల్యూమినియం తీగ పైకి తెచ్చి వేరుముద్దను కదలకుండా బిగించాలి. చెట్టు ఊగితే కొత్త వేళ్ల కొసలు తెగుతాయి. చాలామంది వదిలేసే పని ఇదే. మిశ్రమాన్ని పుల్లతో సందుల్లోకి దింపండి, దంచొద్దు. కింద తేట నీళ్లు వచ్చేదాకా పోసి, మూడు నాలుగు వారాలు గాలి కొట్టని వెలుతురు నీడలో ఉంచండి. ఎరువు నెలన్నర దాకా వద్దు.

10 అంగుళాల పళ్లెం కుండీకి రెండు లీటర్ల మిశ్రమం పడుతుందనుకుంటే, అందులో అకడమ మూడో వంతే కాబట్టి ఒక సంచి పదిహేను కుండీలకు పైనే వస్తుంది. ఒకటో రెండో చెట్లున్నవాళ్లు సంచి మొత్తం కొనక్కర్లేదు, విడిగా లీటరు లెక్కన దొరికితే చాలు. నా మార్కులు 5కి 4. తగ్గిన ఆ ఒక్కటీ పొడికి.