గిగాబిట్ ల్యాన్ అని చెప్పి అంటగట్టాడు: పర్లాకిమిడి, గుణుపూర్ వైపు సెంటర్లు నడిపేవాళ్లు జాగ్రత్త

ఆంధ్రా బోర్డర్ దాటాక ఉన్న ఆ కంప్యూటర్ షాపు. కింద సామాన్లు, మేడ మీద సర్వీసు, గుమ్మం మీద సీసీ కెమెరాల పెద్ద బోర్డు. ఎవరో మీకు అర్థమయ్యే ఉంటుంది. మా పర్లాకిమిడిలో చాలా జెరాక్స్ సెంటర్లకు, కోచింగ్‌లకు లైన్లు లాగింది ఆయనే. పేరు రాస్తే పరువు నష్టం అంటాడు, అందుకే రాయడం లేదు.

సంగతి ఇది. నేను కంప్యూటర్ కోచింగ్ సెంటర్ నడుపుతాను, అందులో పాత వైరింగ్ ఎలకలు కొరికేశాయి. కింద రెండు గదుల్లో పన్నెండు కంప్యూటర్లు, మేడ మీద ఒకటి, ఒక ప్రింటరు. అన్నింటినీ కలిపి కొత్తగా ల్యాన్ వేయాలి. క్యాట్ సిక్స్ ప్యూర్ కాపర్ కేబుల్, కంప్యూటర్ల తీగలన్నీ వచ్చి కలిసే పదహారు పోర్టుల గిగాబిట్ స్విచ్, రౌటర్, కేసింగ్, లేబర్ అన్నీ కలిపి ఒక రేటు అనుకున్నాం. బేరం కూడా గట్టిగా ఆడలేదు. "మాస్టారూ, మీ దగ్గర కూడా లాభం చూసుకుంటానా?" అన్నాడు. ఆ ఒక్క ముక్కతో మనం ఫ్లాట్.

బిల్లు అడిగితే, "మీది ఒడిశా కదా, బిల్లు కొడితే ఐజీఎస్టీ పడుతుంది, మీకే తలనొప్పి" అని ఎస్టిమేట్ కాగితం మీద రాసిచ్చాడు. ఐజీఎస్టీ అంటే రాష్ట్రం దాటే సరుకు మీద వేసే జీఎస్టీ. అదైనా ఇక్కడి జీఎస్టీ అయినా ఈ సామాన్లకు 18 శాతమే, ఒక్క పైసా తేడా ఉండదు. ఈ తెలివి నాకు ఇంటికొచ్చి అన్నం తింటున్నప్పుడు వెలిగింది. అప్పటికే డబ్బులు ఇచ్చేశాను.

వాళ్ల కుర్రాళ్లు వచ్చి బిగించేసి వెళ్లారు. స్విచ్‌ను గోడకు ఇనప పెట్టెలో పెట్టి తాళం వేశారు. "తెరవకండి సార్, వారంటీ పోతుంది" అన్నారు. చాలా బాధ్యత గల మనుషులు అనుకున్నాను.

మర్నాటి నుంచే నత్తనడక. ప్రాక్టికల్ ఫైళ్లు ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి కాపీ చేస్తుంటే ఆ పచ్చగీత కదలదు. ఫోన్ చేశాను. "నెట్ ప్రాబ్లం మాస్టారూ, ఇంటర్నెట్ ఇచ్చేవాణ్ణి అడగండి" అన్నాడు. ఒకే గదిలో పక్కపక్కన ఉన్న రెండు కంప్యూటర్ల మధ్య ఫైలు వెళ్తుంటే ఇంటర్నెట్‌తో ఏం పని? అది స్విచ్ దాకా వెళ్లి వెనక్కి వస్తుంది, గడప కూడా దాటదు. ల్యాన్ అంటేనే అది. ఊళ్లో ఆఫీసులను కలిపితే మ్యాన్, ఇక్కడి బ్లాక్ ఆఫీసును భువనేశ్వర్‌తో కలిపే ఒడిశా ప్రభుత్వ నెట్‌వర్క్ ఓస్వాన్ లాంటిది వ్యాన్. మా దగ్గర మొదటి వారం పిల్లలు కూడా ఇది చెబుతారు. నెట్ పూర్తిగా ఆపేసి, రౌటర్ తీగ పీకేసి కాపీ చేశాను. అదే నత్తనడక. ఈ సంగతి చెబితే, "అయితే మీ కంప్యూటర్లు పాతవి" అన్నాడు.

అప్పుడు కంట్రోల్ ప్యానెల్‌లో ఈథర్‌నెట్ (అంటే తీగ కనెక్షన్) స్టేటస్ తెరిచి చూశాను. స్పీడ్ దగ్గర 1 జీబీపీఎస్ ఉండాల్సింది, 100 ఎంబీపీఎస్ ఉంది. అన్నిట్లో కాదు, కొన్నిట్లో. తెలియనివాళ్ల కోసం: ఇక్కడ లెక్క బిట్లలో ఉంటుంది, మన ఫైళ్లు బైట్లలో ఉంటాయి. ఎనిమిదితో భాగిస్తే 100 అంటే సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లు. అదీ కాగితం మీద. ఒక జీబీ ఫైలుకు నిమిషంన్నర దాకా పడుతుంది. గిగాబిట్ అయితే పదిపన్నెండు సెకన్లలో అయిపోవాలి. స్విచ్ మాత్రం ఒరిజినల్ గిగాబిట్టే, డబ్బా కూడా చూపించాడు. అది చూపించే కదా నన్ను నమ్మించింది.

అసలు గుట్టు బెంచీ వల్ల బయటపడింది. పిల్లలు బెంచీ జరుపుతుంటే కాలు తగిలి నేల దగ్గర కేసింగ్ ఊడింది, లోపల ఒక కేబుల్ నలిగింది. ఐదో నంబరు, ఆరో నంబరు రెండూ ఒకేసారి ఆగిపోయాయి. పీజీడీసీఏ చదివే అమ్మాయి ఒకతి లేచి, "సార్, స్టార్‌లో ఒక వైరు పోతే ఒక్క కంప్యూటరే కదా పోవాలి. రెండు పోయాయేంటి?" అంది. ఆ ముందు వారమే స్టార్ బొమ్మ బోర్డు మీద గీశాను: మధ్యలో స్విచ్, ప్రతి కంప్యూటర్ నుంచి దానికి విడిగా ఒక తీగ, ఒకటి తెగితే మిగతావాటికి ఏమీ కాదు అని. అమ్మాయి అడిగింది నూటికి నూరుపాళ్లు కరెక్టు. నా దగ్గర సమాధానం లేదు.

పిల్లల్ని పంపేసి స్క్రూడ్రైవర్ పెట్టి పెట్టె తాళం ఊడదీశాను. వారంటీ పోతే పోయింది. లోపల చూస్తే, ఒక కేబుల్ తొడుగు జానెడు చీల్చి, లోపలి ఎనిమిది తీగల్లో నాలుగు ఒక జాక్‌కు, నాలుగు ఇంకో జాక్‌కు బిగించారు. నారింజ, ఆకుపచ్చ జతలు ఐదో కంప్యూటరుకు, నీలం, గోధుమ జతలు ఆరోదానికి. రెండో చివర కేసింగ్ లోపల మళ్లీ అలాగే చీల్చి, చీలిన చోట నల్లటేపు చుట్టారు. ఇలా ఒకటి కాదు, పొడుగు లైన్లన్నీ ఇంతే. 1995 నాటి ఫాస్ట్ ఈథర్‌నెట్‌కు రెండు జతలు చాలు, అందుకే 100 దగ్గర నడుస్తూ ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు. 1999లో వచ్చిన రాగితీగ గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. అంటే మనం కొన్న గిగాబిట్ స్విచ్ అలా దీపాలు వెలిగించుకుని కూర్చుంటుంది, అంతే. పైగా ఎస్టిమేట్‌లో కేబుల్ మాత్రం రెండు లైన్లకూ మీటర్ల లెక్కన విడివిడిగా వేశాడు.

1973లో జెరాక్స్ వాళ్ల పార్క్ ల్యాబ్‌లో మెట్‌కాఫ్, బాగ్స్ ఈథర్‌నెట్ మొదలుపెట్టినప్పుడు అందరికీ కలిపి ఒకే కేబుల్ ఉండేది. మావాడు మళ్లీ ఆ రోజులకు తీసుకెళ్లాడు, చరిత్ర మీద అంత గౌరవం.

నలిగిన ముక్క కత్తిరించి బ్లేడుతో గీశాను. పైన రాగిరంగు లేచిపోయి లోపల తెల్లగా మెరిసింది. అల్యూమినియం. దీన్ని సీసీఏ అంటారు, అల్యూమినియం తీగకు రాగి పూత. రాగితో పోలిస్తే అల్యూమినియం కరెంటును పంపేది అరవై శాతం చిల్లర, నాలుగుసార్లు వంచితే పుటుక్కున తెగుతుంది. క్యాట్ సిక్స్ ప్రమాణం ప్రకారం అసలు లెక్కలోకే రాదు. ఈ తీగ మీదనే కెమెరాలకు కరెంటు కూడా పంపించేవాళ్లు ఉన్నారు, వేడెక్కుతుంది, వాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

ఆ ముక్క జేబులో వేసుకుని షాపుకు వెళ్లాను. జనం బాగానే ఉన్నారు. ఆయన కౌంటర్ దగ్గర పల్లీలు ఒలుచుకుంటున్నాడు. చూపించాను. "కాపరే కదా మాస్టారూ, రంగు కనపడటం లేదా?" అన్నాడు. అక్కడే గీసి చూపించాను. "కోటింగ్ కాపరేగా. అందరూ ఇదే వేస్తున్నారు." మరి ప్యూర్ కాపర్ అని రాశావు కదా అంటే, "ఎస్టిమేట్‌కు విలువ ఏముంటుందండీ" అన్నాడు, తను రాసిచ్చిన కాగితాన్నే వెనక్కి తోస్తూ. ఒకే కేబుల్‌ను రెండుగా చీల్చిన సంగతి అడిగాను. "ఎనిమిది తీగల్లో నాలుగు ఊరికే పడుంటాయి, వేస్ట్ చేయమంటారా?" వేస్ట్ చేయవద్దు సరే, ఆ రెండో కేబుల్ డబ్బులు ఎందుకు తీసుకున్నావు?

దానికి జవాబు చెప్పలేదు. పల్లీల తొక్క ఊదుకుని, అందరికీ వినపడేలా అన్నాడు: "ల్యాన్, మ్యాన్, వ్యాన్ అని బోర్డు మీద రాసుకోండి మాస్టారూ, పిల్లలు ఫీజులు కడతారు. వైర్ల సంగతి మాకు వదిలేయండి."

నవ్వారు. పెన్‌డ్రైవ్ కొనడానికి వచ్చినాయన కూడా నవ్వాడు. ఆ స్విచ్ బిగించిన కుర్రాడు వెనక ప్రింటర్ విప్పుతూ ఉన్నాడు, వాడు మా దగ్గర చదివినవాడే. తీగకు జాక్ బిగించే క్రింపింగ్ నేర్పింది నేనే. తల ఎత్తలేదు. డబ్బు పోయినందుకు కాదు, ఆ నవ్వుకు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఇన్నేళ్లుగా టోపాలజీలు, ఐపీ అడ్రసులు గొంతు చించుకుని చెబుతూ, మన గోడ మీద ఏం బిగిస్తున్నారో దగ్గర నిలబడి చూడలేదు. భేష్.

నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కు చెప్పాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక కొన్న ఊళ్లోనే కేసు వేయాలని లేదు, మనం ఉండే జిల్లా కమిషన్‌లో వేయవచ్చు. అంటే మాకు గజపతి జిల్లాలోనే. 5 లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు. సొంత పొట్టపోసుకోవడానికి నడుపుకునే చిన్న సెంటర్ అయితే వ్యాపారం కోసం కొన్నారు అని తోసేయడానికి వీల్లేదు. నా దగ్గర పక్కా బిల్లు లేదు, ఫోన్‌పే చేసిన స్క్రీన్‌షాట్, ఆ ఎస్టిమేట్ కాగితం ఉన్నాయి. వేస్తున్నాను.

మీరు వేయించుకుంటుంటే జీఎస్టీ బిల్లు లేకుండా రూపాయి ఇవ్వవద్దు, దాని మీది జీఎస్టీ నంబర్ మొదట్లో ఒడిశా షాపుకు 21, ఆంధ్రా షాపుకు 37 ఉంటుంది. తీగను గీకి చూడండి. కేబుల్ తొడుగు మీద మీటర్ల అంకెలు అచ్చు వేసి ఉంటాయి, రెండు చివరల అంకెలు తీసేస్తే ఎంత వాడాడో తెలిసిపోతుంది. డబ్బులిచ్చే ముందు ప్రతి కంప్యూటర్‌లో స్టేటస్ తెరిచి 1 జీబీపీఎస్ ఉందో లేదో చూడండి.

ఇప్పుడు మొత్తం పీకి మళ్లీ వేయించాలి, పిల్లలకు పరీక్షలు దగ్గరకొచ్చాయి. బరంపురం, పలాస వైపు 305 మీటర్ల ఒరిజినల్ రాగి కేబుల్ డబ్బా బిల్లుతో ఇచ్చేవాళ్లు ఎవరైనా తెలిస్తే చెప్పండి.