వికలాంగుల హక్కుల చట్టంపై ఆన్‌లైన్ కోర్సు: పాఠం విశాలం, ప్రవేశం ఇరుకు

ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికను వివరించే ఈ కోర్సులో, నిర్ణయాధికారాన్ని సంరక్షకుడి చేతిలో పెట్టే పాత చట్టాల స్థానంలో, వ్యక్తి తానే నిర్ణయించుకునేందుకు తోడ్పడే విధానం రావాలనే 12వ అధికరణంపై పాఠం అన్నిటికన్నా లోతుగా ఉంది. మానసిక సామర్థ్యానికీ (నిర్ణయం తీసుకోగల శక్తి), చట్టపరమైన సామర్థ్యానికీ (హక్కులు కలిగి ఉండి వాటిని వినియోగించుకునే అర్హత) 2014 నాటి మొదటి సాధారణ వ్యాఖ్య, అంటే ఈ అధికరణంపై ఐక్యరాజ్యసమితి కమిటీ ఇచ్చిన వివరణ, చూపిన తేడాను బోధకురాలు తొందరపడకుండా విడమరిచారు. అమలు, పర్యవేక్షణలకు సంబంధించిన 33వ అధికరణాన్ని మాత్రం పది నిమిషాల్లో ముగించారు. సంస్కరణ నిలిచేదీ నీరుగారేదీ అక్కడే కనుక ఇది చిన్న లోపం కాదు. విచిత్రమేమిటంటే, అందుబాటు గురించిన 9వ అధికరణం వీడియోకే సబ్‌టైటిల్స్ లేవు, పరీక్షలోని చిత్రాలను తెరపై ఉన్నదాన్ని చదివి వినిపించే నా స్క్రీన్ రీడర్ చదవలేకపోయింది. ఫిర్యాదు చేసిన రెండు వారాలకు సబ్‌టైటిల్స్ చేర్చారు; చిత్రాల వివరణలు ఇంకా రాలేదు.