కాంట్రాక్ట్ విజిట్‌కి ముందు డబ్బులిచ్చి మాక్ విజిట్ చేయించుకున్నాను, నా అనుభవం ఇది

ఇంగ్లండ్‌లో కమ్యూనిటీ ఫార్మసీల్లో పనిచేసే మనవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను. కాంట్రాక్ట్ మానిటరింగ్ విజిట్‌కి వస్తున్నామని మెయిల్ చూసిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గుంటూరులో బీఫార్మసీ చదివి, ఇక్కడికొచ్చి ఓస్పాప్ కోర్సు (విదేశాల్లో ఫార్మసీ చదివినవాళ్ళ కోసం ఉండేది), ఏడాది ట్రైనింగ్, పరీక్ష అన్నీ దాటుకుని రిజిస్టర్ అయ్యాను, అయినా అదే టెన్షన్. మన దగ్గర మెడికల్ షాపుకి డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వస్తే లైసెన్సు, బిల్లులు, షెడ్యూల్ హెచ్1 రిజిస్టర్ తీసి ముందు పెడతాం కదా, ఇక్కడా ఫైళ్ళు సర్దిపెడితే సరిపోతుందనుకున్నాను.

ఈ విజిట్ సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. సీపీఏఎఫ్ అని, ఫార్మసీలు కాంట్రాక్టు పాటిస్తున్నాయో లేదో చూసే ఏర్పాటు ఒకటుంది, అందులో అన్ని ఫార్మసీలూ ముందు పది ప్రశ్నలకి ఆన్‌లైన్‌లో జవాబులివ్వాలి. ఆ తర్వాత కొందరికి పెద్ద ప్రశ్నపత్రం వస్తుంది, కొందరి దగ్గరికి మనుషులే వస్తారు. జీపీహెచ్‌సీ (ఫార్మసీలని, ఫార్మసిస్టులని నియంత్రించే సంస్థ) ఇన్‌స్పెక్షన్ వేరు, ఇది వేరు. ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) మనకి ఏ పనికి డబ్బులిస్తోందో ఆ పని 2013 రెగ్యులేషన్స్ (ఫార్మసీ సేవల నిబంధనలు) ప్రకారం చేస్తున్నామా లేదా అని ఇందులో చూస్తారు. 2023 ఏప్రిల్ నుంచి ఈ బాధ్యత ఇంగ్లండ్ అంతటా ఐసీబీల (ఏరియాల వారీగా ఉండే ఎన్‌హెచ్‌ఎస్ బోర్డుల) చేతుల్లో ఉంది.

నేను తీసుకున్నది ఒక చిన్న సంస్థ చేసే మాక్ విజిట్ సర్వీసు, అంటే అసలు విజిట్‌కి ముందు రిహార్సల్ లాంటిది. రిటైరైన ఫార్మసిస్ట్ ఒకాయన సగం రోజు మన షాపులో ఉండి అన్నీ చూసి రిపోర్టు రాసిస్తారు, దాంతోపాటు ఎస్‌ఓపీల (ఏ పని ఎలా చేయాలో రాసిపెట్టిన పద్ధతుల) ఫోల్డర్ ఒకటి ఇస్తారు. లోకమ్‌కి (మన బదులు వచ్చి పనిచేసే ఫార్మసిస్టుకి) ఒక రోజుకి ఇచ్చేదానికన్నా కాస్త ఎక్కువే అయింది.

ఆయన వచ్చీ రాగానే లోపలికి రాలేదు. ఐదు నిమిషాలు బయటే నిలబడితే ఫోన్ మాట్లాడుకుంటున్నారేమో అనుకున్నాను. లోపలికొచ్చి ఫోన్ నా ముందు పెట్టారు. మా తలుపు మీద శనివారం ఒంటిగంట వరకు అని ఉంది, ఎన్‌హెచ్‌ఎస్ వెబ్‌సైట్‌లో మా పేజీలో ఐదింటి వరకు అని ఉంది. సప్లిమెంటరీ గంటలు (కాంట్రాక్టులో తప్పనిసరి కాని అదనపు గంటలు) తగ్గించుకుంటున్నామని ఐసీబీకి చెప్పాం, కాగితం కూడా ఉంది, కానీ వెబ్‌సైట్‌లో మార్చడం మర్చిపోయాం. మూడు నెలలకోసారైనా ఆ వివరాలు సరిచూడాలి, నేను చూడలేదు. ఆ శనివారాల్లో మధ్యాహ్నం పిల్లాడి యాంటీబయాటిక్ కోసం వచ్చి, మూసిన తలుపు చూసి వెనక్కి వెళ్ళినవాళ్ళు ఎంతమందో అని ఆ రోజంతా బాధగానే ఉంది.

తర్వాత, కిందటి నెల వచ్చిన మందుల రీకాల్‌కి (లోపమున్న బ్యాచ్‌ని వెనక్కి తీసుకోమనే నోటీసుకి) ఏం చేశారో చూపించమన్నారు. మెయిల్ తీసి చూపించాను. ‘మెయిల్ సరే, అల్మారా ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు, ఏం దొరికింది?’ అన్నారు. నేనే చూశాను, ఆ బ్యాచ్ మా దగ్గర లేదు, కానీ ఆ మాట ఎక్కడా రాసిపెట్టలేదు. ఫార్మసీ ఫస్ట్ అనే సర్వీసుకి కూడా అంతే. ఏడు జబ్బులకి పీజీడీల (డాక్టరు చీటీ లేకుండానే ఫార్మసిస్టు మందివ్వడానికి ఉన్న రాతపూర్వక అనుమతుల) మీద మందులిస్తున్నాం, ప్రతి ఫార్మసిస్టూ విడిగా సంతకం పెట్టాలి. మా దగ్గరికి వచ్చే లోకముల్లో ఒకావిడ సంతకం లేదు.

నాకు అన్నిటికన్నా పనికొచ్చింది మాత్రం కౌంటర్ దగ్గర జరిగింది. నన్ను పక్కన నిలబడమని, మా కౌంటర్ అమ్మాయిని అడిగారు: ‘ఒక పెద్దావిడ ఇంట్లో మిగిలిన మాత్రలు సంచీతో తెచ్చి నీ చేతికిస్తే ఏం చేస్తావు?’ ఆ అమ్మాయి, ‘తీసుకుని బిన్‌లో వేస్తాను’ అంది. సంచీలో సూది ఉంటే? కంట్రోల్డ్ డ్రగ్ ఉంటే? బిత్తరపోయి నా వైపు చూసింది. ఆయన కోప్పడకుండా, ముందు సూదులున్నాయా అని అడగడం, సంచీలో చెయ్యి పెట్టకుండా గ్లవుజులేసుకుని ట్రేలోకి పరచడం, సూదులుంటే తీసుకోకుండా ఎక్కడ ఇవ్వాలో చెప్పి పంపడం, మార్ఫిన్ లాంటిది కనిపిస్తే వెంటనే ఫార్మసిస్టుకి ఇవ్వడం, అన్నీ ఒక ఖాళీ సంచీతో చేసి చూపించారు. ఆ ఎస్‌ఓపీ మీద ఆ అమ్మాయి చేత సంతకం పెట్టించింది నేనే, చదివి ఏం అర్థమైందని ఒక్కసారీ అడగలేదు.

ఇక ఫోల్డర్ సంగతి. దానికి డబ్బులు దండగ. పొరపాట్లు జరిగితే ఎన్‌ఆర్‌ఎల్‌ఎస్‌కి రిపోర్ట్ చేయాలని అందులో ఇంకా అలాగే ఉంది, ఆ సిస్టమ్ పోయి దాని స్థానంలో ఎల్‌ఎఫ్‌పీఎస్‌ఈ వచ్చేసింది. అది అలాగే మా పేరు వేసి పెట్టేసుంటే విజిట్‌లో దొరికిపోయేవాళ్ళం. చెప్తే సారీ అన్నారు, సరిచేసిన కాపీ మాత్రం విజిట్ అయిపోయాక వచ్చింది. డబ్బులు పెట్టేముందు మీ ఏరియా ఎల్‌పీసీకి (స్థానిక ఫార్మసీల కమిటీకి) ఫోన్ చేయండి, మనం కట్టే లెవీతోనే నడుస్తుంది కాబట్టి మొహమాటపడక్కర్లేదు. కమ్యూనిటీ ఫార్మసీ ఇంగ్లండ్ (ఫార్మసీ యజమానుల తరఫున మాట్లాడే సంస్థ) వెబ్‌సైట్‌లో కూడా సీపీఏఎఫ్ గురించి వివరంగా ఉంటుంది. ఇదివరకు పీఎస్‌ఎన్‌సీ అనేవాళ్ళం, అదే.

అసలు విజిట్‌కి ఇద్దరొచ్చారు, దాదాపు రెండు గంటలున్నారు. రీకాల్ ఫైలు అడిగారు, ఫిర్యాదులు ఎవరికి చెప్పాలో కనపడేలా పెట్టామా అని చూశారు, తర్వాత నేరుగా కౌంటర్ దగ్గరికెళ్ళారు. మా కౌంటర్ అమ్మాయి తడుముకోకుండా చెప్పింది. ట్రైనింగ్ సర్టిఫికెట్ ఒకటి దొరక్క, అదొక్కటే తర్వాత పంపమన్నారు.

ఐదుకి నాలుగు ఇస్తాను. మళ్ళీ పిలుస్తాను, కాకపోతే ఫోల్డర్ తీసేసి ఆ మేరకు డబ్బులు తగ్గించమని అడుగుతాను.