అమెరికా డ్రగ్ సర్వే డేటా ఫైళ్ళు: ఉచితమే, కానీ కోడ్‌బుక్ చదవకుండా ముట్టుకోవద్దు

ఎల్‌ఎస్‌డీ, మ్యాజిక్ మష్రూమ్‌ల మాట వస్తే చాలు, ఒకరు "ఎక్కడో ఒకరిద్దరు వాడతారేమో" అంటారు, ఇంకొకరు "ఇప్పుడు అందరూ అదే పని" అంటారు. ఆ వాదన తేల్చుకుందామని మత్తుపదార్థాలు, మానసిక ఆరోగ్యం వ్యవహారాలు చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ సామ్సా, వాటి మీదే ఏటా చేయించే ఎన్‌ఎస్‌డీయూహెచ్ సర్వే ఫైళ్ళు దింపుకున్నాను. పైసా ఖర్చు లేదు.

12 ఏళ్ళు, ఆ పైబడిన వాళ్ళని ఏటా సుమారు 70 వేల మందిని అడుగుతారు. నాకు బాగా నచ్చింది అడిగే తీరు. ఇంటికొచ్చిన మనిషి లాప్‌టాప్ చేతికిస్తారు, సున్నితమైన ప్రశ్నలన్నీ హెడ్‌ఫోన్స్‌లో వినిపిస్తాయి, జవాబు మనమే నొక్కాలి (ఈమధ్య ఆన్‌లైన్‌లోనూ నింపొచ్చు). ముఖం మీద అడిగితే ఎవరు మాత్రం ఔనంటారు?

ఇక అంకెలు. 2023లో, గడిచిన ఏడాదిలో హాలూసినోజెన్ (భ్రాంతులు కలిగించే మత్తుమందు) ఏదో ఒకటి తీసుకున్నవాళ్ళు 88 లక్షల మంది, అంటే 3.1 శాతం. అదే ఎల్‌ఎస్‌డీ, మష్రూమ్‌ల లాంటి సైకెడెలిక్‌లని "జీవితంలో ఒక్కసారైనా" తీసుకున్నారా అని అడిగితే లెక్క ఎక్కడికో పోతుంది: 2010 సర్వేని పట్టుకుని ఇద్దరు పరిశోధకులు 2013లో వేసిన అంచనా 3 కోట్ల పైమాటే, 21 నుంచి 64 ఏళ్ళ వాళ్ళలో 17 శాతం. మొత్తానికి వాదించుకునే ఇద్దరూ పూర్తిగా తప్పు కాదు, ఎవరు ఏ ప్రశ్న పట్టుకున్నారన్నదే తేడా.

నా తిప్పలు కూడా చెప్పాలి. ఎల్‌ఎస్‌డీ మొదటిసారి ఏ వయసులో తీసుకున్నారో సగటు తీస్తే తొమ్మిది వందల ఏళ్ళ దగ్గర తేలింది! ఎప్పుడూ తీసుకోనివాళ్ళకి ఆ కాలమ్‌లో 991 అని కోడ్ ఉంటుందని నేను కోడ్‌బుక్‌లో (ఏ అంకెకి ఏ అర్థమో చెప్పే పత్రం) చూసుకోలేదు. అది సరిచేశాక కూడా వెయిట్ కాలమ్ (ఒక్కొక్కరి జవాబు జనాభాలో ఎంతమందికి లెక్కో చెప్పే అంకె) వాడటం మర్చిపోయాను. కుర్రకారుని కావాలనే జనాభాలో వాళ్ళ వాటాకి మించి తీసుకుంటారు కాబట్టి, వెయిట్ లేకుండా వేసిన శాతాలకి అర్థం లేదు.

నచ్చనిది, హాలూసినోజెన్ అనే ఒక్క మూటలో ఎల్‌ఎస్‌డీతో పాటు ఎక్స్టసీ, కెటమిన్, పీసీపీ లాంటి వేరే రకం మత్తుమందులు కూడా కట్టేయడం. సైకెడెలిక్ అనగానే మనం అనుకునేవి వేరు. నేను తెరిచిన పాత ఫైళ్ళలో మష్రూమ్‌ల గురించి "ఎప్పుడైనా" అనే ఉంది, "ఈ ఏడాది" అని విడిగా లేదు. జైళ్ళలో ఉన్నవాళ్ళు, షెల్టర్లలో కాకుండా రోడ్డు మీద బతికేవాళ్ళు, సైన్యంలో డ్యూటీలో ఉన్నవాళ్ళు అసలు లెక్కలోకే రారు.

నాలుగు స్టార్లు, ఐదోది ఆ మూట కట్టినందుకు కోత. ట్రెండ్ గీత గీయాలనుకునేవాళ్ళు మాత్రం 2021 తర్వాతి ఫైళ్ళని 2019తో అతికించకండి, సర్వే పద్ధతే మారిపోయింది.