కొత్త ఎంటీబీ (మౌంటెన్ బైక్), దగ్గరపడ్డ రేసు: చెక్ చేయడం షాపులో మేలా, ఇంట్లోనా, మట్టిదారి మీదా?

కొత్త సైకిలే కదా, దానికేమవుతుంది అని నేరుగా రేసుకు తీసుకెళ్లేవాళ్లను చూస్తే నాకు నిజంగా టెన్షన్. డబ్బాలో వచ్చిన బండికి హ్యాండిల్, ముందు చక్రం, పెడల్స్ ఎవరో ఒకరు బిగించాల్సిందే, గొడవంతా అక్కడే మొదలవుతుంది.

షాపుకు ఇస్తే రెండు పనులు బాగా అవుతాయి: రిమ్ బెండ్ తీయడం, రవాణాలో వంగిన డిరైలర్ హ్యాంగర్‌ను, అంటే వెనక గేరు మార్చే భాగాన్ని ఫ్రేమ్‌కు పట్టి ఉంచే ముక్కను, సరిచేయడం. ఈ రెండూ ఇంట్లో పెట్టుకోవద్దు. కానీ వరంగల్, హన్మకొండలో చాలా షాపులకు మామూలు సైకిళ్లే రోజువారీ పని, అందుకే హ్యాంగర్ వంకర చూసే గేజ్, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్ ఉన్నాయా అని ముందే అడగండి, బ్రేక్ డిస్క్ మీద మాత్రం ఆయిల్ స్ప్రే పడనివ్వొద్దు, ఎందుకంటే ప్యాడ్లు నూనె తాగితే బ్రేక్ పట్టదు.

ఇంట్లో అయితే అల్లెన్ కీలు, నక్షత్రం ఆకారపు బోల్టులకు టీ25 బిట్, చిన్న టార్క్ రెంచ్ చాలు. ముందు బ్రేక్ నొక్కి పట్టుకుని బండిని ముందుకూ వెనక్కూ ఊపండి, హ్యాండిల్ కింద టక్ టక్ అంటే హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగ్) లూజు. అప్పుడు స్టెమ్ (హ్యాండిల్‌ను పట్టి ఉంచే ముక్క) పక్క బోల్టులు వదులు చేసి, పైన క్యాప్‌ను లూజు పోయేంతవరకే బిగించి, మళ్లీ పక్క బోల్టులు బిగించాలి. వరుస మారితే ఎంత బిగించినా లూజు పోదు. స్టెమ్ బోల్టులకు సాధారణంగా 5-6 న్యూటన్ మీటర్లు, సరైన అంకె ఆ భాగం మీదే రాసి ఉంటుంది. పెడల్స్‌కు 35-40 కావాలి, ఎడమ పెడల్ మర ఉల్టా. పెడల్ బిగించే క్రాంక్‌ను అటూ ఇటూ లాగి కూడా చూడండి.

నా ఓటు మాత్రం మట్టిదారికే. స్టాండ్ మీద గేర్లు అన్నీ చక్కగా పడతాయి, కానీ హన్మకొండ దగ్గరి ధర్మసాగర్ వైపు మొరం దారుల్లో ఎత్తు ఎక్కుతూ, బరువు పెట్టి తొక్కుతూ గేర్లు చూస్తేనే చైన్ ఎక్కడ జారుతుందో తెలుస్తుంది. కొత్త కేబుళ్లు మొదటి కొన్ని రైడ్లలో సర్దుకుని గేర్లు తప్పుతాయి, స్పోక్స్ కూడా కొంచెం వదులవుతాయి, ఇవి తొక్కనిదే బయటపడవు. కొత్త డిస్క్ బ్రేక్ కూడా అంతే: వేగం అందుకుని, చక్రం లాక్ కాకుండా గట్టిగా పట్టి దాదాపు నడక వేగానికి తేవాలి, ముందూ వెనకా విడివిడిగా ఇలా ఓ ఇరవై సార్లు చేస్తేనే ప్యాడ్లు పూర్తిగా పట్టుకుంటాయి.

రేసుకు రెండు వారాలుంటే ఇంట్లో చూసుకుని తొక్కండి, బోల్టులు మళ్లీ బిగించి, మిగిలిన కంప్లైంట్ ఏదో స్పష్టంగా చెప్పి షాపుకు ఇవ్వండి. ఒక్క సాయంత్రమే ఉంటే ఇంటి చెకప్, తర్వాత వీధిలోనైనా బ్రేకులకు ఆ ఇరవై సార్లు. రేసు ముందు రాత్రి మాత్రం షాపుకు ఇవ్వొద్దు, వాళ్లు మార్చినదాన్ని తొక్కి చూసుకునే టైమ్ మీకుండదు.