అమ్మమ్మ ఇంటికి పంపాలా, అమ్మమ్మను రప్పించాలా: ఏది మేలు?

పెళ్లయి పదేళ్లు నిండాయని రెండు రోజులు ఇద్దరమే ఎక్కడికైనా వెళ్లి రావాలనుకున్నాం. ఏ ఊరు వెళ్లాలన్నది తర్వాత, ముందు పిల్లల సంగతి తేలాలి. అప్పటికి పాపకు ఎనిమిదేళ్లు, బాబుకు రెండున్నర. మేముండేది విజయవాడ సత్యనారాయణపురంలో. మా అమ్మానాన్నలది గుంటూరు బ్రాడీపేట. మధ్య దూరం ముప్పై కిలోమీటర్ల పైచిలుకే, నాన్‌స్టాప్ బస్సు ఎక్కితే ఇంచుమించు గంట. పిల్లల్ని అక్కడ దిగబెట్టి వెళ్లవచ్చు, లేదా అమ్మనే ఇక్కడికి రప్పించుకోవచ్చు. కృష్ణకు అవతల, తాడేపల్లిలో ఉన్న చెల్లెలు "నా దగ్గర ఉంచక్కా" అంది. ఏడాదిన్నర కాలంలో మూడు పద్ధతులూ చేసి చూశాం కాబట్టి గట్టిగానే చెప్పగలను. పసివాడికి మూడేళ్లు నిండేదాకా పెద్దవాళ్లు మన ఇంటికి రావడం మేలు. ఆ తర్వాత పిల్లలే వాళ్ల ఇంటికి వెళ్లడం మేలు. పిల్లలు ఎక్కడ సంతోషంగా ఉంటారని మనం ఆలోచించినంతగా, చూసుకునే మనిషికి ఎంత ఓపిక ఉందని ఆలోచించం. నా దృష్టిలో అసలు తేల్చుకోవాల్సింది అదే.

మొదటిసారి గుంటూరులోనే వదిలాం. పగలంతా ఏ లోటూ లేదు. అమ్మకు తన వంటిల్లు, తన పొయ్యి, చేతికందే దూరంలో పోపుల డబ్బా. నాన్న పాపను వెంటబెట్టుకుని కూరగాయలకు వెళ్లేవారు. పక్కింటి పిల్లలతో మేడ మీద ఆటలు సరేసరి. పాపకు ఇల్లు గుర్తే రాలేదు. చిక్కంతా బాబుతో, అదీ రాత్రిపూట. తొమ్మిదిన్నరకు వాడు తన చెప్పులు రెండూ చేతుల్లో పట్టుకుని వీధి గుమ్మం దగ్గర కూర్చున్నాడట. ఏడవలేదు, పాలు తాగలేదు, పిలిస్తే పలకలేదు. "ఇంటికి" అని ఒక్క మాట. పదకొండింటికి అక్కడే నిద్రపోతే నాన్న ఎత్తుకొచ్చి పడుకోబెట్టారు. చెప్పులు మాత్రం వదలలేదు. అమ్మానాన్న కనబడకపోతే కలిగే ఈ బెంగ సాధారణంగా ఎనిమిదో నెల ప్రాంతంలో మొదలై, ఏడాది, ఏడాదిన్నర వయసులో బాగా ముదిరి, మూడేళ్లు వచ్చేసరికి చాలావరకు తగ్గుతుంది. అలవాటైన గది, అలవాటైన పక్క ఉంటే ఆ వయసు పిల్లలు అమ్మ లేని రాత్రిని కొంత తేలికగా దాటుతారు. మా వాడికి ఆ రెండూ ఒకేసారి దూరం చేశాం. తెలిసి ఉంటే అలా చేసేవాళ్లం కాదు.

తాతయ్య ఇంట్లో మరో ప్రమాదం కూడా ఉంది. బీపీ, షుగరు మాత్రలు మంచం పక్క బల్ల మీద పళ్లెంలో ఉంటాయి. పెద్దవాళ్లకు కళ్లెదుట లేకపోతే వేసుకోవడం మరిచిపోతారు. కానీ కొన్ని రకాల షుగరు మాత్రలు పసిపిల్లలు ఒక్కటి మింగినా రక్తంలో చక్కెర ప్రాణం మీదికి వచ్చేంత పడిపోవచ్చు. స్నానాలగదిలో నింపి ఉంచిన తొట్టి, బకెట్టు కూడా అంతే ప్రమాదం. నడక నేర్చిన పసివాడికి బకెట్టెడు నీళ్లు చాలు. పిల్లల్ని దింపిన రోజే మాత్రల పళ్లెం బీరువా పైకి చేర్చి, నీళ్ల తొట్టి ఖాళీ చేసి వెళ్లండి. అమ్మ చిన్నబుచ్చుకుంటుందేమో అని సంకోచించకండి.

రెండోసారి అమ్మను రప్పించుకున్నాం. బాబు తన పక్క మీద, తన దుప్పటితో ఎనిమిదిన్నరకల్లా పడుకున్నాడు. ఆ లెక్కన ఇదే మేలని ఫోన్లో విని ఎంతో సంతోషపడ్డాం. ఆదివారం సాయంత్రం ఆరింటికి తలుపు తీసుకుని లోపలికి వస్తే, అమ్మ హాల్లో గోడకు చేరగిలబడి నిద్రపోతోంది. ఒళ్లో కంచం, అందులో బాబు తినకుండా వదిలేసిన పప్పన్నం, చేతి వేళ్లకు ఎండిపోయిన మెతుకులు. అరవై ఆరేళ్ల మనిషి. గుంటూరులో నాన్న ఉన్నారు, పనిమనిషి ఉంది, పిలిస్తే పలికే ఇరుగుపొరుగు ఉన్నారు. ఇక్కడ మూడో అంతస్తులో ఒంటరిగా, తెలియని పొయ్యితో, తెలియని స్విచ్చులతో రెండు రోజులు ఇద్దరు పిల్లల వెంట తిరిగింది. అక్కడ నాన్న ఏం తిన్నారోనన్న దిగులొకటి. "నాకేం ఇబ్బంది లేదమ్మా, మీరు సరదాగా గడిపారా?" అని అడిగింది లేవగానే. ఇబ్బంది లేదన్న మాటను అప్పటిదాకా నేను నమ్ముతూ వచ్చాను.

అందుకే రప్పించుకునేవాళ్లకు నా మాట ఒకటే. వంట పని ఆవిడ మీద పెట్టకండి. విజయవాడలో కర్రీ పాయింట్ లేని వీధి అరుదు. రెండు రోజుల కూరలు అక్కడే తెప్పించుకోవచ్చు, అన్నం, చారు ఉంటే చాలు. వీలైతే నాన్నగారిని కూడా పిలవండి. మీరు బయలుదేరడానికి ఒక పూట ముందే వాళ్లు వచ్చేలా చూసుకుంటే, పొయ్యి వెలిగించడం దగ్గర్నుంచి అన్నీ మీరు ఉండగానే అలవాటవుతాయి.

చెల్లెలి ఇల్లు ఒక్క రాత్రికి బాగుంటుంది. నలుగురు పిల్లలు కలిస్తే మనం గుర్తే రాము. కానీ వాళ్లిద్దరూ ఉద్యోగస్తులు. వారమంతా అలిసిపోయిన వాళ్ల సెలవు రోజులు మనం తీసుకుంటున్నామని మరవకూడదు. ఆ మరుసటి నెల వాళ్ల పిల్లల్ని మేం ఉంచుకున్నాం.

ఎవరి దగ్గర వదిలినా జ్వరం మందు విషయం మాటల్లో కాక కాగితం మీద రాసిపెట్టాలి. పారాసిటమాల్ సిరప్పులో 5 మి.లీ.కి 120 మి.గ్రా. ఉండే సీసా ఉంది, 250 మి.గ్రా. ఉండే సీసా కూడా ఉంది. "ఒక చెంచా పట్టు" అని ఫోన్లో చెబితే, ఏ సీసా తీశారన్నదాన్ని బట్టి మందు రెట్టింపు దాటిపోవచ్చు. మీ పిల్లల బరువుకు డాక్టరు చెప్పిన మోతాదు, ఆ సీసా, దాని కొలత మూత కలిపి ఒకే చోట ఉంచండి. పక్కనే డాక్టరు నంబరు, 108.

వెళ్లే ఊరు కూడా దీన్ని బట్టే. అరకు నాకెంతో ఇష్టం. కానీ విశాఖకే 350 కిలోమీటర్లు, అక్కడినుంచి మళ్లీ ఘాట్ రోడ్డు. అర్ధరాత్రి ఫోను వస్తే తెల్లారేలోపు ఇంటికి చేరలేం. పసివాళ్లున్నప్పుడు బాపట్ల దగ్గరి సూర్యలంక మేలు. గుంటూరులో పిల్లల్ని దింపి అటునుంచి అటే వెళ్లవచ్చు, అవసరమైతే రెండు గంటల్లోపు తిరిగి రావచ్చు.

ఇంకో సంగతి. రెండుసార్లూ మా అమ్మనే అడిగాం. ఏలూరులో ఉన్న మా అత్తయ్య పైకేమీ అనలేదు గాని, పండక్కి వచ్చినప్పుడు "నేను చూసుకోలేనా అమ్మాయ్?" అంది మెల్లగా. ఆవిడకు మోకాళ్ల నొప్పులని మేమే అనుకుని అడగడం మానేశాం. అడిగి ఉంటే ఏం చేయగలదో, ఏం చేయలేదో ఆవిడే చెప్పేది.

వచ్చే రెండో శనివారం మళ్లీ వెళ్తున్నాం. బాబుకు నాలుగేళ్లు వచ్చాయి, ఈసారి గుంటూరే. పనిమనిషిని రెండు పూటలా రమ్మని మాట్లాడాం. అత్తయ్య కూడా ఏలూరు నుంచి శుక్రవారమే వస్తానంది, కథలు చెప్పి పడుకోబెట్టే పని తనదేనట. బాబు సంచి సర్దుకుంటూ అన్నిటికంటే ముందు దుప్పటి పెట్టుకున్నాడు. చెప్పులు గుమ్మం దగ్గరే వదిలాడు.